సూరత్‌లో మెట్ల మీంచి జారిపడ్డవాళ్ళు

ఆ చలికాలం పరకాల దగ్గరి ఒక పల్లెకు సూరత్ నుంచి ముగ్గురు మగవాళ్ళు తిరిగొచ్చారు. ఒకతనికి చెయ్యి విరిగింది, ఒకతనికి పక్కటెముకలు, మూడో అతనికి దవడ. ఏమైందని అడిగితే ముగ్గురూ మెట్ల మీంచి జారిపడ్డామనే చెప్పారు. ఆ ఊళ్ళో టీచరుగా ఉన్న నా స్నేహితురాలు ఫోన్ చేసి ఈ సంగతి చెబుతూ, "సూరత్‌లో మెట్లు అంత నున్నగా ఉంటాయా?" అని అడిగింది.

నేనప్పుడు హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నాను. పట్టణాల్లో కార్మికులు రోడ్డెక్కినప్పుడు పోలీసులు వాళ్ళతో ఎలా ప్రవర్తిస్తారు, ఊరివాళ్ళను ఒకలా, వలస వచ్చినవాళ్ళను ఒకలా కొడతారా అన్నది నా విషయం. అప్పటిదాకా లైబ్రరీలో పాత పేపర్లు తిరగేయడమే తప్ప, దెబ్బ తిన్న మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడింది తక్కువ. సూరత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మన తెలంగాణ నేతవాళ్ళు కూలి రేటు పెంచమని ఊరేగింపు తీశారనీ, లాఠీచార్జి జరిగిందనీ తెలిసింది. ప్లేగు భయంతో జనం సూరత్ విడిచి పారిపోయిన రెండేళ్ళ తర్వాతి మాట ఇది. జేబులో పట్టే టేప్‌రికార్డరు ఒకటి అరువు తెచ్చుకుని బయలుదేరాను.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళకు వరంగల్ వెళ్ళి మద్రాసు-అహ్మదాబాద్ ఎక్స్‌ప్రెస్ పట్టుకోవడం మేలు. సాయంత్రం ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి సూరత్. తిండి ఇంటి నుంచే తీసుకెళ్ళడం మంచిది, భుసావల్ దాకా ప్లాట్‌ఫారం మీద దొరికేది టీ, మాడిన వడలే. భుసావల్‌లో మాత్రం అరటిపళ్ళు బాగుంటాయి. నా ఎదుటి బెర్తులో సూరత్ తిరిగి వెళ్తున్న ఒక నేతవాళ్ళ ఇల్లాలు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు నాకూ పెట్టింది.

"మీ ఆయన సూరత్‌ల ఉంటడా?" అని అడిగింది.

"లేదండీ, నా పని మీదే వెళ్తున్నాను."

"ఏం పని?"

ఊరేగింపు గురించి కనుక్కోవడానికి అన్నాను. ఆవిడ రొట్టె గుడ్డలో చుట్టేసి కిటికీ వైపు తిరిగింది. సూరత్‌లో దిగేదాకా మళ్ళీ నాతో మాట్లాడలేదు. నా ఆందోళన అక్కడే మొదలైంది.

నా మకాం అడాజణ్‌లో, మా నాన్నకు తెలిసిన మూర్తిగారింట్లో. ఆయన బ్యాంకు ఉద్యోగి, తెనాలి వైపు మనిషి. భార్య కమలగారు రాత్రి భోజనంలో గుత్తొంకాయ కూర వడ్డిస్తూ, "ఆ మగ్గాలవాళ్ళుండే లింబాయత్ వైపు మేము ఎప్పుడూ వెళ్ళం అమ్మా. వాళ్ళూ తెలుగువాళ్ళే అనుకో, కానీ రాకపోకల్లేవు," అన్నారు. ఆ ఇంటి బాల్కనీలోంచి తాపీ నది కనిపిస్తుంది. మగ్గాల చప్పుడు అంత దూరం వినిపించదు.

మర్నాడు పొద్దున స్టేషన్ దాకా సిటీ బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. రైలు కట్ట కింది సొరంగం లాంటి దారిని అక్కడ గర్‌నాలా అంటారు. అది దాటగానే రోడ్డు సన్నబడుతుంది, చప్పుడు మొదలవుతుంది. ముందు చెవులకు కాదు, అరికాళ్ళకు తెలుస్తుంది. సందు పొడుగునా ప్రతి ఇంటి కింది భాగంలో మగ్గాలే. మనుషులు చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడుకుంటారు.

స్నేహితురాలు ఇచ్చిన ఆనవాళ్ళతో సత్తయ్యను వెతికి పట్టుకున్నాను. యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళ నుంచి అక్కడే ఉన్నాడు. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకు పనీ, గదీ చూపించే పెద్దదిక్కు. నన్ను టీ బంకు దగ్గర నిలబెట్టకుండా తిన్నగా ఇంట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

"లొల్లి చెయ్యలే మేడం మేము. మీటరుకు జర పెంచుమని అడగనీకి పోయినం. పోలీసులొచ్చిన్రు. గుజరాతీల మాట్లాడినోళ్ళను ఘర్ జావో అన్నరు, పంపిచ్చిన్రు. ఒరిస్సావోళ్ళు, యూపీవోళ్ళు, మేము... మమ్ముల ఒక దిక్కు కూసోబెట్టిన్రు. అటెనక కొట్టుడే."

"భాషను బట్టా?"

"నోరు తెరిస్తె తెలుస్తది గద. దెబ్బ తాకినప్పుడు ఎవలైన తన భాషలనే మొత్తుకుంటరు."

టేప్ ఆన్ చేయవచ్చా అని అడిగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కేసు పెట్టారట, పేర్లు రాయకుండా 'గుంపులోని మరికొందరు' అని. ఇప్పుడు ఆ మరికొందరి కోసం వెతుకుతున్నారు. ఎవరి ఒంటి మీద దెబ్బ ఉంటే వాళ్ళు ఊరేగింపులో ఉన్నట్టే లెక్క. అందుకని ఎవరూ సర్కారు దవాఖానాకు పోలేదు. పోతే పోలీసులకు కబురు వెళ్తుంది.

నేను వెతుక్కుంటూ వచ్చింది సరిగ్గా ఆ దెబ్బలనే. నాకు అవి సాక్ష్యం. వాళ్ళకు అవే నేరం. సత్తయ్య ఇంట్లో ఇత్తడి గ్లాసుతో మంచినీళ్ళు తాగుతూ టేప్‌రికార్డరును సంచి అడుక్కి తోశాను.

సాయంత్రం ఆయన నన్ను రాజమౌళి ఇంటికి తీసుకెళ్ళాడు. కింద కార్ఖానా, పైన గది. ఎక్కడానికి నిట్టనిలువుగా ఇనప మెట్లు. రాజమౌళికి ముప్పై ఏళ్ళుంటాయి. చాప మీద పడుకుని ఉన్నాడు, ఎడమ కాలు మోకాలి కింద నుంచి పాదం దాకా వెదురు బద్దలు పెట్టి గట్టిగా కట్టారు. ఎముకలు కట్టే నాటువైద్యుడొకడు గుట్టుగా వచ్చి కట్టి పోయాడట. కట్టు విప్పితే ఎముక పక్కకు పోతుందని చెప్పాడట. అతని భార్య సరోజన మూలన కూర్చుని దారపు కండెలు సర్దుతోంది. పిల్లలిద్దరినీ సూరత్‌లోనే గోడాదరాలో ఉన్న చెల్లెలింటికి పంపేసింది.

"ఎట్ల జరిగింది రాజమౌళీ?" అన్నాను.

అతను భార్య వైపు చూశాడు. ఆమె కండెల మీంచి చూపు తిప్పకుండా, "మెట్ల మీంచి పడ్డడు," అంది.

మరి రెండుసార్లు వెళ్ళాను. మాట కలిసింది గానీ ఊరేగింపు దాకా రాలేదు. ఊరు, వానలు, పిల్లల హిందీ చదువు, ఇవే. రెండోసారి తిరిగి వస్తుంటే టీ బంకు దగ్గర బూడిదరంగు సఫారీ చొక్కా వేసుకున్న ఒకతను నా వెనకే నడిచాడు. నేను ఆగితే ఆగాడు. గర్‌నాలా దగ్గర ఆటో ఎక్కి వెనక్కి చూస్తే, ఆటో నంబరు చదువుతున్నట్టు పెదవులు కదుపుతున్నాడు. నా భ్రమేమో కూడా.

భ్రమ కాదని ఆ సాయంత్రమే తెలిసింది. మూర్తిగారు బ్యాంకు నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నారు. "ఎవరో వచ్చి వాచ్‌మన్‌ను అడిగారట, మూర్తిగారింట్లో ఉన్న అమ్మాయి ఎవరని. అమ్మా, తప్పుగా అనుకోకు. నాకు ప్రమోషన్ టైము. పిల్లల స్కూళ్ళు ఇక్కడ..." ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. కమలగారు వంటింట్లోంచి బయటికి రాలేదు. రేపటి రైలుకు వెళ్ళిపోతానని చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. వెళ్ళిపోతున్నందుకు నాకూ లోలోపల హాయిగానే ఉంది.

చీకటి పడుతుండగా చివరిసారి లింబాయత్ వెళ్ళి వెళ్తున్నానని చెప్పాను. సరోజన మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"మమ్ముల తోలుకపోతరా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"సందులల్ల కుంటెటోళ్ళను చూస్తాండ్రు. నిన్న పక్క గల్లీల ఒకల్ని పట్కపోయిన్రు. మేమిద్దరమే పోతె టేషన్ల ఆపుతరు. మీరు ఎంబడుంటె... ఎవలన్న అడిగితె మీరు ఇంగ్లీషుల మాట్లాడ్తరు గద."

రాజమౌళి, "మేడంకు ఎందుకే తక్లీబు," అని గోడ వైపు తిరిగాడు. అతని నుదురు చెమటతో మెరుస్తోంది. గదిలో ఉక్క లేదు. నేను సరేనన్నాను. ఏం ఒప్పుకున్నానో మెట్లు దిగుతుంటే తట్టింది. పరిశోధనకని వచ్చి, పోలీసులు వెతుకుతున్న మనిషిని రైలెక్కిస్తున్నాను. పట్టుబడితే నా సంగతి ఏమవుతుంది? వాళ్ళ సంగతి?

మర్నాడు పొద్దున సత్తయ్యా ఇంకొకతనూ రాజమౌళిని వీపు మీద వేసుకుని ఆ ఇనప మెట్లు దించారు. ఆటోలో అతని కాలు సరోజన ఒళ్ళో, దాని మీద చీరల మూట. పర్వత్ పాటియా వైపు చుట్టు తిరిగి, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల రద్దీలో కలిసిపోయి స్టేషన్‌కు చేరాం. దారిలో ఒకచోట పోలీసు జీపు అడ్డంగా ఆగి ఉంది. ఆటోవాడు వేగం తగ్గించాడు. సరోజన గట్టిగా నవ్వుతూ నాతో ఏదో పెళ్ళి గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. ఆమె అలా నవ్వగలదని నేననుకోలేదు. జీపు దాటగానే నవ్వు ఆగిపోయింది.

నాకు స్లీపర్ టికెట్ ఉంది, వాళ్ళకు జనరల్. టీటీఈకి జబ్బు మనిషని చెప్పి, తేడా కట్టి, కింది బెర్తు సంపాదించాను. రాజమౌళిని పడుకోబెట్టి మెడ దాకా దుప్పటి కప్పాం. రైలు ఉధనా దాటింది. ఎవరూ రాలేదు. బార్డోలీ వైపు చెరకు తోటలు కనపడ్డాక సరోజన టిఫిన్ డబ్బా తెరిచింది. శనగపిండితో చేసిన ఖమణ్ ముక్కలు, వేయించిన మిరపకాయలు. ముగ్గురిలో ఎవరూ సరిగ్గా తినలేదు.

నందుర్బార్‌లో ఇద్దరు రైల్వే పోలీసులు ఎక్కారు. చిన్నవాడు ముందుకు వెళ్ళిపోయాడు. నెరిసిన మీసాల పెద్దాయన మా దగ్గర ఆగాడు. చలికాలంలో పగటిపూట దుప్పటి కప్పుకుని చెమటలు కక్కుతున్న మనిషి ఎవరి కంట్లోనైనా పడతాడు.

"ఇస్ కో క్యా హువా?"

నేను లేచి నిలబడి ఇంగ్లీషులోనే చెప్పాను. ఇతను నా తమ్ముడు, మెట్ల మీంచి జారిపడ్డాడు, వరంగల్ తీసుకెళ్తున్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! ఆయన విన్నాడో లేదో, వంగి దుప్పటి పైకెత్తాడు. సరోజన నా మణికట్టు పట్టుకుంది. ఆయన కట్టు కింది నుంచి కనపడుతున్న కాలివేళ్ళను చూశాడు. బొటనవేలు గోరును నొక్కి వదిలాడు. మళ్ళీ నొక్కాడు.

"బెహన్‌జీ, యే పైర్ మర్ రహా హై."

ఈ కాలు చచ్చిపోతోంది అంటున్నాడు. అప్పుడు చూశాను. వేళ్ళు నీలం దాటి నల్లబడుతున్నాయి. అన్నాళ్ళూ ఆ కాలిని దాచడమే చూసుకున్నాం, కాలిని ఎవరం చూడలేదు. కట్టు వెంటనే విప్పమన్నాడు. సరోజన అడ్డం పడుకున్నట్టు దాని మీదికి వంగిపోయింది, విప్పితే ఎముక పోతుందని. ఆయన బలవంతం చేయలేదు. భుసావల్‌లో రైల్వే డాక్టరును పిలిపిస్తానని చెప్పి, గార్డుతో మాట్లాడడానికి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళగానే సరోజన లేచి మూట సర్దడం మొదలుపెట్టింది.

"డాక్టరును కాదు, పోలీసులను పిలుస్తాండు. జల్గావ్‌ల దిగిపోదాం."

"దిగి ఎక్కడికెళ్దాం సరోజనా?"

"ఎక్కడికో ఒకాడికి! గా ఖాకీ బట్టలను మీరు నమ్ముతరా? ఏం చదువుతాండ్రు మీరు, గిదేనా?"

పోలీసులు వలసవాళ్ళను ఏం చేస్తారో వంద పేజీలు రాసి ఉన్నాను. వాటిలో ఒక్కటి కూడా ఈ ఒక్క మనిషి నిజం చెబుతున్నాడో లేదో నాకు చెప్పలేదు. జల్గావ్ దగ్గరపడింది. రైలు నెమ్మదిస్తోంది. సరోజన మూట చంకన పెట్టుకుని రాజమౌళి భుజం కింద చెయ్యి వేసింది.

"ఆగవే," అన్నాడతను. "నొప్పి తెలుస్తలేదు నాకు. పొద్దట్నించి తెలుస్తలేదు. తగ్గుతాందనుకున్న." దుప్పటి కింది కాలి వైపు చూసుకున్నాడు. "పోలీసులొస్తే రానీ. కాలుంటె నిలబడి సమాధానం చెప్త."

సరోజన మూట మీద అలాగే కూలబడింది. జల్గావ్‌లో రైలు ఆగి, కదిలింది. అక్కడి నుంచి భుసావల్ ఎంతో దూరం లేదు. కానీ నాకు ఆ ప్రయాణమంతటిలోకీ పొడుగైన దారి అదే. కిటికీలోంచి అరటితోటలు పోతూనే ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద ఖాకీలు ఎంతమంది ఉంటారా అని ఊహించుకుంటూ, పోలీసులు దిగమంటే ఏం చెప్పాలో ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఒక్కటీ పూర్తి కావడం లేదు.

భుసావల్‌లో ఆ పెద్దాయన వెంట ఇంకో కానిస్టేబులు, వాళ్ళ మధ్యలో తోలు సంచితో ఒక డాక్టరు. నిజంగా డాక్టరే. ఆయన ఎవరినీ ఏమీ అడక్కుండా కత్తెర తీసి కట్టు పైనుంచి కిందికి కోసేశాడు. వెదురు బద్దలు కింద రాలాయి. కాలు వాచి మెరుస్తోంది, బద్దల అచ్చులు లోతుగా పడి ఉన్నాయి. రాజమౌళి అరిచాడు. డాక్టరు మొహం కాస్త తేలికపడింది. అరిస్తే మంచిదేనన్నాడు. మెత్తటి పట్టీ చుట్టి, సూది మందు వేసి, అప్పుడు అడిగాడు, ఎలా తగిలిందని.

నేను నోరు తెరిచేలోపు రాజమౌళి తనకొచ్చిన హిందీలో, "పోలీస్ నే మారా సాబ్," అన్నాడు.

కొత్త కానిస్టేబులు చప్పున తలెత్తాడు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి, రైలు కదలబోతోంది పద అన్నట్టు తలుపు వైపు నడిపించాడు. మావైపు చూడలేదు. దిగిపోయాడు. ఆయన ఎందుకలా చేశాడో నాకు ఈనాటికీ తెలియదు. మంచితనమో, గుజరాత్ గొడవ మహారాష్ట్ర పోలీసులకెందుకులే అన్న నిర్లక్ష్యమో. ఆయన చేతికి కూడా లాఠీ వేలాడుతూనే ఉంది.

డాక్టరు నాతో చెప్పాడు. అకోలా వచ్చేసరికి వేళ్ళు వెచ్చబడకపోతే అక్కడే దిగి ఆసుపత్రికి పొండి. వెచ్చబడితే వరంగల్ దాకా వెళ్ళవచ్చు, స్టేషన్ నుంచి తిన్నగా ఆసుపత్రికే.

ఇక మా పనంతా ఆ వేళ్ళను ముట్టుకుని చూడడమే. ఒకసారి సరోజన, ఒకసారి నేను. నాకు వెచ్చగా తగిలిందని చెబితే ఆమె నమ్మేది కాదు, నా చెయ్యే వెచ్చగా ఉందనేది. పక్క బెర్తుల్లోని మరాఠీ కుటుంబం కూడా ఇందులో కలిసింది. వాళ్ళ ముసలావిడ వచ్చి తన చెంప ఆ పాదానికి ఆనించి చూసింది. చెంప అబద్ధం చెప్పదట. అకోలాకు కాస్త ముందు ఆవిడ తలూపి, "గరమ్," అంది. సరోజన తానూ చెంప ఆనించింది. తరువాత చాలాసేపు ఆ చెంప అక్కణ్ణించి తీయలేదు.

మర్నాడు పొద్దున వరంగల్. స్ట్రెచరు లేదు, కూరగాయల తోపుడుబండి వాడొకడు దయతలచి బయటి ఆటో దాకా తీసుకొచ్చాడు. పెద్దాసుపత్రిలో మధ్యాహ్నానికి ఆపరేషన్ చేశారు. కాలు నిలిచింది. రెండు వేళ్ళు పోయాయి. సర్జను, "నడుస్తాడు. కానీ రోజంతా నిలబడి చేసే పని కష్టం," అన్నాడు. సాంచె దగ్గర పన్నెండు గంటలూ నిలబడే ఉండాలి. సరోజన ఆ మాట విని ఏడవలేదు. "కండెలు చుట్టుడు కూసోని చెయ్యొచ్చు," అంది.

మరుసటి రోజు నేను హైదరాబాద్ బయలుదేరేముందు వార్డుకు వెళ్ళాను. రాజమౌళి దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడడుగు అక్కా, చెప్త."

చెప్పాడు. ఏ సందు మొగదల పట్టుకున్నారు, పేరూ ఊరూ అడిగాక ఏమన్నారు, దెబ్బ తగిలినప్పుడు తను అమ్మను తలుచుకుని 'అవ్వా' అని అరిస్తే ఆ మాటను ఎలా వెక్కిరించారు, అన్నీ. పక్క మంచాల వాళ్ళు కూడా చెవులు రిక్కించి విన్నారు. అయిపోయాక, "నా పేరు రాయి. మా నాయిన పేరు గూడ రాయి. ఎవనికి భయపడేది లేదు," అన్నాడు.

సరోజన మంచం అవతలి నుంచి మెల్లగా అంది. "పేరు మార్చు అక్కా. మల్ల సూరతే పోవాలె మేము. పిల్లలు ఆడనే ఉన్నరు."

పిల్లల మాట వచ్చాక ఇద్దరూ నన్ను చూడలేదు, ఒకరినొకరు చూసుకున్నారు.

హైదరాబాద్ ప్యాసింజరులో సీటు తేలిగ్గానే దొరికింది. కాజీపేటలో ఒక రైల్వే పోలీసు పెట్టె గుండా నడిచి వెళ్తుంటే తెలియకుండానే కాళ్ళు సీటు కిందికి లాక్కున్నాను. నా కాళ్ళకు ఏమీ కాలేదు. అయినా జనగామ దాటేదాకా గుండె కుదురుకోలేదు. నేను అక్కడ ఉన్నది నాలుగు రోజులు. గర్‌నాలా అవతలివాళ్ళు ఈ గుండెతోనే మగ్గం మీద నిలబడతారు, పిల్లలను బడికి పంపుతారు, రైలెక్కితే పక్కమనిషికి రొట్టె పెడతారు. సూరత్ గురించి నాకు మిగిలింది ఇదే. అంతకన్నా పెద్ద మాట రాయాలంటే ఇప్పటికీ చెయ్యి రాదు.

ఎదుటి సీటులో ఉన్నావిడ ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగింది. సూరత్ అన్నాను.

"చీరలు తెచ్చుకున్నావా?"

"లేదండీ."

"అయ్యో, అంత దూరం పోయి! అక్కడ ఎంత చవకో."

ఆ చీరలు నేసేది మనవాళ్ళే, పరకాలవాళ్ళు, సిరిసిల్లవాళ్ళు అని చెప్పాను. ఆవిడ నమ్మలేనట్టు చూసి, నీకెవరైనా తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. రాజమౌళి అని ఒకతను ఉన్నాడు అంటూ మొదలుపెట్టాను. అది అతని పేరు కాదు.